మధ్యస్థానంలో ఆడే బిడ్డ: ప్రతిభను తూకం వేసేదెలా?

పాఠశాలల జోనల్ క్రీడాపోటీలు ముగిసిన ప్రతి ఏడూ పళ్ళిపట్టు పరిసర గ్రామాలలో కొన్ని ఇళ్ళ అరుగుల మీద ఒకే వాదం నడుస్తుంది. "మీ వాడు ఒక్క ఆటలోనే నాలుగు గోల్స్ కొట్టినాడు, స్పోర్ట్స్ హాస్టల్‌లో చేర్పించండి, రేపు ఇండియాకు ఆడతాడు" అని ఒకరంటారు. "ఆట కూడు పెడుతుందా? పదో తరగతి పాడవుతుంది" అని ఇంటి పెద్ద అడ్డుకుంటాడు. ఈ రెండు మాటలకూ ఆధారం ఊహే. ఆ నాలుగు గోల్స్ ఎవరి మీద కొట్టాడు, ఎదుటి జట్టు పిల్లల వయసెంత, బంతి తనకు ఎవరు అందించారు, ఓడిపోతున్న ఆటలో ఆ బిడ్డ ఏం చేశాడు అన్న ప్రశ్నలు ఆ వాదంలో వినిపించవు. పన్నెండేళ్ళ బిడ్డను ఇల్లు విడిపించి పంపాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఆ ఊహ మీదనే జరిగిపోతుంది.

మన ప్రాంతంలో కబడ్డీకి, వాలీబాల్‌కు ఉన్నంత ఆదరణ హాకీకి లేదు. అయినా బాలల ప్రతిభను అంచనా వేసే విద్యను వివరించడానికి హాకీయే అనువైనది. అందులోనూ మధ్యస్థానంలో ఆడేవాడి విషయం మరింత అనువైనది. గోల్‌కీపర్ పని కంటికి కనిపిస్తుంది, ఆపాడా లేదా అన్నది తెలిసిపోతుంది. ముందు వరుసలో ఆడేవాడికి గోల్స్ లెక్క ఉంటుంది. మధ్యలో ఆడేవాడి పనిలో ఎక్కువ భాగం చూసేవారి కంట పడదు. అందుకే అతణ్ణి తక్కువగానో ఎక్కువగానో అంచనా వేయడం పరిపాటి.

ఈ చిక్కును లోకంలో అందరికంటే ఎక్కువగా ఎదుర్కొన్నది మంచు హాకీ ఆడే దేశాలు. గడ్డకట్టిన నేల మీద, కాళ్ళకు ఉక్కు అంచుల బూట్లు తొడుక్కొని, బంతికి బదులు రబ్బరు బిళ్ళతో ఆడే ఆట అది. మన దేశంలో లడఖ్, హిమాచల్ ప్రదేశ్ వంటి చలి ప్రాంతాలకే పరిమితం. 2025లో భారత మహిళల జట్టు ఆసియా కప్పులో కాంస్య పతకం గెలిచినప్పుడు ఈ ఆట పేరు మన పత్రికలలో కొంత వినిపించింది. మంచు మీద ఒక్కో జట్టుకు ఆరుగురే ఉంటారు: గోల్‌కీపర్, ఇద్దరు రక్షకులు, రెండు ప్రక్కల ఇద్దరు, వారి నడుమ సెంటర్. ఆట మొదలైనప్పుడూ, ఆగి మళ్ళీ మొదలైనప్పుడూ నిర్ణేత జారవిడిచే బిళ్ళ కోసం సాధారణంగా ఇరు జట్ల సెంటర్లే ఎదురెదురుగా నిలిచి పోరాడతారు. దాడిలో ముందుండాలి, బిళ్ళ పోయిన మరుక్షణం అందరికంటే లోతుగా వెనక్కు వచ్చి తన గోల్ ముందు కాపు కాయాలి. మైదానపు హాకీలో దీనికి దగ్గరి స్థానం సెంటర్ హాఫ్. పాత పద్ధతిలో ఐదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు హాఫ్‌లు, ఇద్దరు బ్యాక్‌లు ఉన్న కాలం నుండి జట్టుకు ఇరుసు వంటివాడు ఇతడే. నేటి జట్లలో పేర్లు మారి మిడ్‌ఫీల్డర్ అంటున్నారు గానీ పని మారలేదు.

నిపుణులే పొరబడిన కథ

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ జట్లు ఏటా పద్దెనిమిదేళ్ళు నిండిన యువకులను వంతులవారీగా ఎంచుకుంటాయి. ఒక్కో జట్టు తరఫున వేగులవంటి పరిశీలకులు ఏడాది పొడవునా ఊరూరా తిరిగి ఆటలు చూసి నివేదికలు రాస్తారు. ఇంత ఏర్పాటు ఉన్నా ఏం జరిగిందో రెండు ఉదాహరణలు చాలు.

1993లో అందరికంటే ముందుగా, మొదటి వంతులోనే ఎంపికైనవాడు అలెగ్జాండ్రె డేగ్ల్ అనే కెనడా సెంటర్. ఒట్టావా జట్టు అతనికి ఐదేళ్ళకు కోటీ ఇరవై రెండు లక్షల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకున్నది. బాలుర లీగ్‌లో అతని వేగానికి ఎదురు లేదు, గోల్స్ లెక్కకు కొదవ లేదు. పెద్దల ఆటలోకి వచ్చేసరికి ఆ వేగం ఒక్కటే సరిపోలేదు. మొత్తం 616 ఆటలలో అతడు చేసిన గోల్స్ 129. సాధారణ ఆటగాడికి అది చెడ్డ లెక్క కాదు. మొదటివాడిగా ఎంపికైన వాడికి అది నిరాశే. అదే ఏడాది రెండవవాడిగా ఎంపికైన రక్షకుడు క్రిస్ ప్రాంగర్ 2015లో హాకీ కీర్తి మందిరంలో చోటు సంపాదించాడు.

ఐదేళ్ళ తరువాత, 1998లో, రష్యాకు చెందిన పావెల్ దట్సుక్ అనే సెంటర్ 171వ వాడిగా ఎంపికయ్యాడు. అప్పటికి అతనికి దాదాపు ఇరవై ఏళ్ళు. అంతకు ముందు అతణ్ణి ఎవరూ కోరలేదు. పొట్టివాడు, బలహీనుడు అని అభిప్రాయం. డెట్రాయిట్ జట్టు పరిశీలకుడు నిజానికి మరో ఆటగాణ్ణి చూడటానికి వెళ్ళి, అనుకోకుండా ఇతణ్ణి గమనించాడు. దట్సుక్ 2001లో ఆ జట్టులో చేరి, 2002లోనూ 2008లోనూ స్టాన్లీ కప్పు గెలిచిన జట్లలో ఉన్నాడు. రక్షణలో ఉత్తమమైన ఫార్వర్డ్‌కు ఇచ్చే పురస్కారం 2008, 2009, 2010లలో వరుసగా మూడుసార్లు అందుకున్నాడు. 2024లో కీర్తి మందిరంలో చేరాడు. ఎదుటివాడి చేతి కర్ర నుండి బిళ్ళను లాగేయడంలో, ముందుగా ఊహించి దారికి అడ్డు నిలవడంలో అతనికి సాటి లేదని పేరు. అవి పద్దెనిమిదేళ్ళ వయసులో కూడా అతనిలో ఉండి ఉండాలి. చూసేవారు ఎత్తును, బరువును చూశారు.

దీన్నిబట్టి గోల్స్ లెక్కకు విలువ లేదనుకోవడం కూడా తప్పే. ఇదే స్థానంలో లోకమంతా ఎరిగిన వేన్ గ్రెట్జ్కీ 1971-72లో, పదేళ్ళ వయసు జట్టులో ఆడుతూ, ఒకే సీజన్‌లో 378 గోల్స్ చేశాడు. తరువాత అతడు ఆ ఆటకే చక్రవర్తి అయ్యాడు. బాల్యపు లెక్క కొందరి విషయంలో నిజమవుతుంది, కొందరి విషయంలో కాదు. కనుక ఆ లెక్క వెనుక ఏమున్నదో చూడాలి. గ్రెట్జ్కీ బక్కపలుచని పిల్లవాడు, తోటివారికంటే పెద్దవాళ్ళతో ఆడుతూ వచ్చినవాడు. బలంతో కాక చూపుతో ఆడటం అతనికి తప్పనిసరి అయింది.

పుట్టిన నెల, బడిలో రాసిన నెల

1985లో రోజర్ బార్న్‌స్లీ అనే కెనడా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక విచిత్రాన్ని ప్రకటించారు. కెనడాలోని మేటి హాకీ జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో పుట్టినవారు మిక్కిలి ఎక్కువగా, సంవత్సరం చివర పుట్టినవారు మిక్కిలి తక్కువగా ఉన్నారు. కారణం జ్యోతిషం కాదు. అక్కడ వయోవర్గం లెక్క జనవరి 1తో మొదలవుతుంది. జనవరిలో పుట్టిన పిల్లవాడు, అదే ఏడు డిసెంబరులో పుట్టిన పిల్లవాడు ఒకే జట్టుకు పోటీపడతారు. పదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో, బలంలో, తెలివిడిలో పెద్ద తేడా. పెద్దవాణ్ణి ప్రతిభావంతుడనుకొని మంచి జట్టులో వేస్తారు. మంచి కోచ్, ఎక్కువ ఆటలు దొరుకుతాయి. రెండేళ్ళకు వాడు నిజంగానే మెరుగవుతాడు. చిన్నవాడు మానేస్తాడు. 2013లో వెలువడిన మరో పరిశోధన ఇంకో సంగతి చూపింది. ఏడాది చివర పుట్టి కూడా నిలదొక్కుకొని లీగ్‌కు ఎంపికైనవారు, తమను ఎంచుకున్న వరుస సంఖ్యను మించి రాణించారు.

మన పల్లెలలో ఈ లెక్కను ఉన్నదున్నట్టు వర్తింపజేయలేము. బడిలో చేర్చే రోజున అయ్యవారు రాసిన జూన్ తేదీయే జన్మదినంగా స్థిరపడిపోయిన ఇళ్ళు సరిహద్దుకు రెండు ప్రక్కలా కొల్లలు. ఆసుపత్రి కాన్పులు, జనన ధ్రువపత్రాలు వచ్చిన తరువాత ఇది తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కనుక తల్లి ఎరిగిన నిజమైన వయసును మనసులో పెట్టుకొని బిడ్డను చూడాలి. కాగితం మీద పన్నెండు, నిజానికి పదమూడున్నర అయిన పిల్లవాడు పన్నెండేళ్ళవారి మధ్య మెరిస్తే అందులో సగం మెరుపు వయసుది. ఆ మెరుపు పదహారేళ్ళకు ఆరిపోతుంది.

వయసు తక్కువ చేసి రాయించడం లాభమని ఎవరైనా సలహా ఇస్తే వినరాదు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు లెక్కించే పరీక్ష క్రీడాసంస్థలలో వాడుకలో ఉన్నది. దొరికితే ఆటకు దూరం చేస్తారు. దొరకకపోయినా నష్టం బిడ్డకే. తనకంటే చిన్నవారిని బలంతో తోసి గెలవడం అలవాటైన బిడ్డ, మధ్యస్థానానికి అవసరమైన ఆలోచనను నేర్చుకోడు.

ఎదుగుదల వేసే మాయ

ఆడపిల్లలలో సుమారు పన్నెండేళ్ళకు, మగపిల్లలలో సుమారు పద్నాలుగేళ్ళకు ఎత్తు వేగంగా పెరిగే దశ వస్తుంది. ఇది ఒక్కో బిడ్డకు ఒకటి రెండేళ్ళు ముందూ వెనుకా కావచ్చు. ముందుగా ఎదిగిన పిల్లవాడు ఎనిమిదో తరగతిలో అందరి తలలకు పైన కనిపిస్తాడు, వేగంగా పరుగెత్తుతాడు, గట్టిగా కొడతాడు. పదో తరగతి నాటికి మిగిలినవారు అతణ్ణి అందుకుంటారు. అప్పటిదాకా బలంతోనే నెట్టుకొచ్చినవాడికి అక్కడ దారి మూసుకుపోతుంది.

దీన్ని కనిపెట్టడానికి ఖర్చేమీ లేదు. గోడకు బిడ్డను ఆనించి నిలబెట్టి మూడు నెలలకొకసారి ఎత్తు గీత గీసి తేదీ వేయాలి. గీతల మధ్య దూరం ఉన్నట్టుండి పెరిగితే ఎదుగుదల దశ మొదలైందని అర్థం. ఆఖరికి ఎంత ఎత్తు కావచ్చునో తల్లిదండ్రుల ఎత్తునుబట్టి స్థూలంగా అంచనా వేయవచ్చు. మగబిడ్డ అయితే తల్లి, తండ్రి ఎత్తుల మొత్తానికి 13 సెంటీమీటర్లు కలిపి రెండుతో భాగించాలి. ఆడబిడ్డ అయితే 13 తీసివేసి భాగించాలి. తండ్రి 168, తల్లి 154 సెంటీమీటర్లు అయితే కొడుకు 167.5, కూతురు 154.5 సెంటీమీటర్ల దగ్గర నిలుస్తారని అంచనా. ఇటూ అటూ ఎనిమిది సెంటీమీటర్ల దాకా తేడా రావచ్చు. హాకీలో పొట్టితనం పెద్ద లోపం కాదు. బంతి నేల మీద ఉంటుంది. బాస్కెట్‌బాల్‌కో, వాలీబాల్‌కో పంపదలచినవారికి ఈ లెక్క ఎక్కువ అవసరం.

ఈ దశలోనే మరొక మాయ ఉన్నది. కాళ్ళు చేతులు హఠాత్తుగా పొడుగైన బిడ్డ కొన్ని నెలలు తడబడతాడు. నిన్నటిదాకా చక్కగా ఆపిన బంతి కర్ర క్రింద నుండి జారిపోతుంది. మోకాలి చిప్ప క్రింద నొప్పి అంటాడు. "వీడికి బద్ధకం వచ్చింది" అని కోచ్, "ఆట మీద మోజు తీరింది" అని ఇంట్లోవారు అనుకుంటారు. చాలామంది మంచి ఆటగాళ్ళు ఈ ఆరు నెలలలోనే ఆట మానేస్తారు. ఆ నొప్పి ఎదుగుతున్న ఎముక దగ్గర స్నాయువు లాగడం వల్ల వస్తుంది. పరుగులు, దూకుళ్ళు కొంత తగ్గిస్తే చాలావరకు తగ్గిపోతుంది. తగ్గకుంటే వైద్యుడికి చూపాలి. ఆ నెలలలో బిడ్డను అంచనా వేయడం మానుకోవడమే మంచిది.

ఆడపిల్లల విషయంలో ఇంకొకటి చెప్పక తప్పదు. ఆట మొదటి భాగంలో చురుకుగా ఉండి, తరువాత కాళ్ళీడ్చే పిల్లను "దమ్ము లేదు" అని తీసివేస్తుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నది. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లకు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక్క రక్తపరీక్షతో ఇది తేలుతుంది. రక్తం చాలని పిల్లకు ప్రతిభ లేదని తీర్మానించడం నూనె లేని దీపాన్ని వత్తి మంచిది కాదని పారవేయడం వంటిది. అట్లాగే సాయంకాలం వేళ బంతిని అందుకోలేని పిల్లలకు ముందుగా కంటిపరీక్ష చేయించాలి. నల్లబల్ల మీది అక్షరాలు కనబడక ముందు బెంచీకి మారిన పిల్లవాడికి మైదానం అవతలి చివరనున్న తోటివాడు ఎలా కనిపిస్తాడు?

మధ్యస్థానంలో చూడవలసినవి

ఒక్క ఆట చూసి నిర్ణయించరాదు. కనీసం ఐదు ఆటలు, వాటిలో రెండైనా బలమైన జట్టుతో ఆడినవి చూడాలి. చూసేవారు బంతిని వదిలి బిడ్డనే చూడాలి. ఇది చెప్పినంత సులభం కాదు, కళ్ళు బంతి వెంటే పోతాయి. ఒక చిన్న నోటుపుస్తకంలో గీతలు పెట్టుకుంటూ పోతే కొంత అదుపులో ఉంటుంది.

అన్నిటికంటే ముందు చూడవలసింది తల. బంతి తన దగ్గరకు రాకముందే బిడ్డ ఎన్నిసార్లు తల త్రిప్పి వెనుకకూ ప్రక్కలకూ చూశాడు? బంతి అందిన తరువాత తల ఎత్తి వెదికేవాడికి, అందకముందే ఎవరెక్కడున్నారో తెలిసినవాడికి ఉన్న తేడాయే మధ్యస్థానంలో అసలు తేడా. ఈ అలవాటు లేని పిల్లలకు నేర్పవచ్చు, కానీ తనంతట తాను చేసే పన్నెండేళ్ళ బిడ్డ కనిపిస్తే కోచ్ ఆ బిడ్డ పేరు రాసుకోవాలి.

తరువాతది మొదటి స్పర్శ. బంతి కర్రకు తగిలి ఎంత దూరం పోయింది? తాను వెళ్ళదలచిన దిక్కుకే పోయిందా, లేక అక్కడే ఆగి ఎదుటివాడు మీదపడేదాకా ఉన్నదా? హాకీ కర్రకు చదునైన వైపుతోనే ఆడాలి కనుక ఎడమ ప్రక్కన వచ్చే బంతికి కర్రను త్రిప్పి పట్టుకోవాలి. కుడివైపు మాత్రమే ఆడగలిగిన సెంటర్ హాఫ్‌ను ఎదుటి జట్టు పది నిమిషాలలో పసిగడుతుంది.

మూడవది బంతి పోయిన తరువాతి ఐదు క్షణాలు. కొందరు చేతులు నడుముకు ఆనించి నిలబడతారు, కొందరు తోటివాణ్ణి తిడతారు, కొందరు అప్పటికే వెనక్కు పరుగెడుతుంటారు. ఈ మూడవ రకపు బిడ్డ ఆ రోజు ఒక్క గోల్ చేయకపోయినా సరే, పుస్తకంలో గీత పెట్టుకోవాలి.

వీటిని మించిన పరీక్ష ఒకటి ఉన్నది, అది నేర్చుకునే వేగం. ఆటలో ఈనాడు ఎక్కడున్నాడన్నది ఎన్నేళ్ళుగా ఆడుతున్నాడన్న దానిమీద ఆధారపడుతుంది. ఆరేళ్ళుగా ఆడుతున్నవాడిని, ఆరు నెలలుగా ఆడుతున్నవాడిని ప్రక్కప్రక్కన నిలబెట్టి పోల్చడం న్యాయం కాదు. ఇద్దరికీ ఇదివరకు తెలియని ఒక నేర్పును పి.టి. మాస్టారు చూపించి, రెండు వారాలు సాధన చేయనిచ్చి, మళ్ళీ చూడాలి. ఎవరు ఎంత దూరం వచ్చారన్నది రాసుకోవాలి. ఆరు నెలలకొకసారి ఇలా చేస్తే మూడవసారికి ఒక దారి కనిపిస్తుంది. ఒక్క రోజు ట్రయల్స్‌లో ఎంత గొప్ప కోచ్‌కైనా ఇది దొరకదు. ఇది ఊరిలోని బడిలో మాత్రమే దొరికే సమాచారం.

మట్టి మైదానాల పిల్లలకు ఒక అదనపు ఇబ్బంది ఉన్నది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ గడ్డి నుండి కృత్రిమ మైదానానికి మారింది. అంతవరకు పతకం లేకుండా తిరిగిరాని భారత జట్టు ఆ ఏడు ఏడవ స్థానంలో నిలిచింది. పెద్ద ఆటగాళ్ళకే అంత కష్టమైనప్పుడు, బడి ఆవరణలోని గులకరాళ్ళ మీద నేర్చిన పిల్లవాడు మొదటిసారి చెన్నై మేయర్ రాధాకృష్ణన్ మైదానంలో కాలు పెట్టి తడబడటంలో వింత లేదు. అక్కడ బంతి రెట్టింపు వేగంతో వచ్చినట్టు అనిపిస్తుంది. ట్రయల్స్‌కు ముందు రెండు మూడు రోజులైనా అటువంటి మైదానంలో ఆడే వీలు కల్పించగలిగితే బిడ్డకు న్యాయం చేసినట్టు.

పల్లె నుండి వెళ్ళినవారు

తమిళనాడులో కోవిల్‌పట్టికి హాకీ ఊరని పేరు. ఆ ఊరి మారీశ్వరన్ శక్తివేల్, అరియలూరుకు చెందిన సెల్వం కార్తి ఇద్దరూ 2022లో జకార్తాలో జరిగిన ఆసియా కప్పులో భారత జట్టు తరఫున ఆడారు. ఇద్దరూ కోవిల్‌పట్టిలోని శిక్షణ కేంద్రంలో తేలినవారే. పాకిస్తాన్‌తో జరిగిన ఆటలో గోల్ చేసినవాడు కార్తి.

మనకు ఇంకా దగ్గరి పేరు ఎతిమరపు రజని. 1990 జూన్ 9న అప్పటి చిత్తూరు జిల్లా యెర్రావారిపాళెం మండలం ఏనుములవారిపల్లెలో పుట్టిన ఈమె భారత మహిళల జట్టు గోల్‌కీపర్. 2017లో ఆసియా కప్పు గెలిచిన జట్టులోనూ, 2018 ఆసియా క్రీడలలో రజతం గెలిచిన జట్టులోనూ, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టులోనూ ఉన్నది. ఈ ఏళ్ళలో ఎక్కువ భాగం మొదటి గోల్‌కీపర్ సవిత. రజని రెండవ స్థానంలో ఉండి, అవకాశం కోసం సిద్ధంగా వేచి ఉండవలసి వచ్చింది. 2024 జనవరిలో మస్కట్‌లో ఐదుగురు ఆడే హాకీకి తొలి ప్రపంచ కప్పు జరిగినప్పుడు, ముప్పై మూడేళ్ళ వయసులో, ఆమె జట్టు నాయకురాలు. ఆ జట్టు రజతం తెచ్చింది. పదేళ్ళకు పైగా రెండవ స్థానంలో ఉండి కూడా సాధన వదలని గుణాన్ని పన్నెండేళ్ళ వయసులో ఏ పరుగుపందెంతో కొలుస్తారు? దాన్ని ఎరిగినవారు ఇంట్లోవారు మాత్రమే: చీకటితో లేచేది ఎవరు చెబితే, ఓడిన మరునాడు మైదానానికి పోయిందా, దెబ్బ తగిలితే ఎన్నాళ్ళకు తిరిగి కర్ర పట్టింది?

ప్రభుత్వ క్రీడాపాఠశాలలు శరీరాన్ని ఎలా కొలుస్తాయో తెలుసుకోవడం కూడా ఉపయోగమే. హైదరాబాదు దగ్గర హకీంపేటలో 1993లో మొదలైన క్రీడాపాఠశాలలో నాలుగో తరగతికి పిల్లలను తీసుకునేటప్పుడు ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, పది మీటర్లు ఆరుసార్లు అటూ ఇటూ పరుగు, నిలిచి దూకడం, పైకి ఎగరడం, బరువు బంతి విసరడం, నడుము వంపు పరీక్షిస్తారు. ఏ ఆటకు పనికివస్తాడో తరువాత చూస్తారు. ఎనిమిది తొమ్మిదేళ్ళ వయసులో ఒకే ఆటకు కట్టివేయకపోవడం మంచి పద్ధతి. గ్రెట్జ్కీ కూడా వేసవిలో హాకీ కర్ర పక్కనపెట్టి బేస్‌బాల్ ఆడేవాడు. మన పిల్లలకు కబడ్డీ, ఖోఖో, ఏటి ఇసుకలో పరుగులు ఉండనే ఉన్నాయి. కబడ్డీ ఆడిన కాళ్ళు హాకీలో వృథా కావు.

పంపే ముందు

భారత సీనియర్ జట్టుకు పెద్ద పోటీలలో ఎంపికయ్యేది సాధారణంగా 18 మంది, ఒలింపిక్స్‌కు 16 మంది. వారిలో మధ్యస్థానంలో ఆడేవారు నలుగురైదుగురు. దేశం మొత్తానికి ఇది లెక్క. కనుక "ఇండియాకు ఆడతాడు" అన్న మాట మీద ఇల్లు తాకట్టు పెట్టి ప్రైవేటు అకాడమీకి డబ్బు కట్టడం తగదు. రెండవ మెట్టు ఆశలు మాత్రం ఉత్తవి కావు. విశ్వవిద్యాలయ జట్లు, కళాశాలలలో క్రీడాకోటా సీట్లు, రైల్వే, పోలీసు శాఖలలోని ఉద్యోగాలు, తమిళనాడు ప్రభుత్వోద్యోగాలలో క్రీడాకారులకు కేటాయించిన నూటికి మూడు వంతులు ఉన్నాయి. వీటన్నిటికీ చదువు అర్హత కావాలి. పదో తరగతి ఆపి ఆడిన ఆటకు ఆ తలుపులు తెరుచుకోవు.

తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ స్పోర్ట్స్ హాస్టళ్ళలో ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు తరగతులలో పిల్లలను చేర్చుకుంటారు. కనుక ఏడవ తరగతిలో తప్పిన అవకాశం తొమ్మిదిలో మళ్ళీ వస్తుంది. ఇంకా ఎదగని, ఆలస్యంగా ఎదిగే బిడ్డకు రెండేళ్ళు ఊరిలోనే ఆడి వెళ్ళడం నష్టం కాదు, లాభం కూడా కావచ్చు. పంపే ముందు హాస్టల్‌ను కళ్ళారా చూడాలి: వంటగది, ఆడపిల్లలకు ప్రత్యేక వసతి, రాత్రి కాపలా, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళతారు, సంవత్సరం తరువాత ఆటలో నిలవని పిల్లల చదువు ఏమవుతుంది అని అడగాలి. బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టి, కోచ్ ఎదుటా చుట్టాల ఎదుటా కాకుండా, వెళ్ళడం ఇష్టమేనా అని అడగాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం వాడే మన పిల్లలకు మైదానంలో అరిచి చెప్పే తమిళ మాట కష్టం కాదు. పై స్థాయికి వెళ్ళేకొద్దీ హిందీ ఎదురవుతుంది. కోచ్ మాట అర్థం కాక ఆగిపోయిన పిల్లవాణ్ణి మందబుద్ధి అనుకున్న సందర్భాలు ఉంటాయి. ఆటకు సంబంధించిన యాభై హిందీ మాటలు ముందే నేర్పితే చాలు.

ఇక కాగితాలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆరు దశాబ్దాలు దాటినా మన ఇళ్ళలో పేర్లు రెండు పద్ధతులలో నడుస్తున్నాయి. తాతగారి పత్రాలలో ఇంటిపేరు ముందుంటుంది. బిడ్డ బడి రికార్డులో తండ్రి పేరు తొలి అక్షరం మాత్రమే ఉంటుంది. ఆధార్‌లో మూడవ రకంగా ఉంటుంది. నగరి, పుత్తూరు వైపు బంధువుల ఇంట్లో కాన్పు జరిగి ఉంటే జనన ధ్రువపత్రం ఆంధ్రప్రదేశ్‌ది, బడి తమిళనాడుది అవుతుంది. ట్రయల్స్‌లో మొదట చూసేది ఆటను కాదు, ఈ పత్రాలనే. ఒక అక్షరం తేడాకు, ఒక తేదీ తేడాకు మైదానం గేటు దగ్గరే పిల్లలు ఆగిపోవడం కొత్త కాదు. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు, నివాస ధ్రువపత్రం నాలుగింటిలోనూ పేరు, తేదీ, తండ్రి పేరు ఒకే విధంగా ఉన్నాయో లేదో ఇంట్లో కూర్చుని ఒకసారి సరిచూసుకోవాలి. తేడా ఉంటే బడి ప్రధానోపాధ్యాయులను, తాలూకా కార్యాలయాన్ని ట్రయల్స్ ప్రకటన రాకముందే, కనీసం మూడు నాలుగు నెలల ముందుగా, కలవాలి. బిడ్డ ఏ రాష్ట్రం తరఫున ఆడదలచిందో కూడా అప్పుడే తేల్చుకోవాలి. రెండు వైపులా పేరు రాయించి చూద్దామన్న ఆలోచన తరువాత చిక్కులు తెస్తుంది.